ఆ చోటు ఏం పని చేస్తుందో మాకు చూపించండి: పర్యాటక, పురావస్తు శాఖలకు ఒక బహిరంగ లేఖ

కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ, భారత పురావస్తు శాఖ, రాష్ట్రాల పర్యాటక శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ చెప్పే ఉపాధ్యాయుణ్ణి. పిల్లల్ని విజ్ఞాన యాత్రలకు తీసుకెళ్ళడం నా పనిలో భాగం. సెలవులొస్తే ఇంట్లోవాళ్ళతో కలిసి ఊళ్ళు తిరగడం నాకు ఇష్టం. తాజ్ మహల్ గురించో, గోవా బీచ్‌ల గురించో మీకు కొత్తగా నేను చెప్పేదేమీ లేదు. వాటికి జనం ఎలాగూ వస్తారు. నేను రాస్తున్నది వేరే రకం చోట్ల గురించి. నీడతో టైము చెప్పే కట్టడం, గుసగుసను అవతలి గోడకు చేరవేసే గుమ్మటం, చెట్టు వేళ్ళు పెరిగి పెరిగి వంతెనగా మారిన వాగు, రాకెట్ పని కోసం ఊరివాళ్ళు వదిలిపెట్టిన చర్చి. ఇంత పెద్ద దేశంలో ఇలాంటివి ఏ మూలకు వెళ్ళినా కనిపిస్తాయి. కానీ అక్కడిదాకా ప్రయాణం చేసి, టికెట్ కొనుక్కుని, ఎండలో తిరిగి, అసలు సంగతి చూడకుండానే వెనక్కి వచ్చేస్తున్నవాళ్ళు చాలామంది. నేను ఏ ఊరు వెళ్ళినా అదే చూస్తున్నాను, చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది.

ఈ చోట్లలో ఎక్కువ భాగం ఎవరో వచ్చి చూసి మెచ్చుకోవాలని కట్టినవి కావు. ఏదో ఒక పని చేయడానికి కట్టినవి. ఆ పని మా కళ్ళ ముందు జరిగేలా చూడండి. నేను అడిగేది అదే.

జైపూర్ జంతర్ మంతర్ సంగతే చూడండి. జైపూర్ రాజు సవాయి జైసింగ్ ఆకాశాన్ని పరిశీలించడానికి కట్టించిన అయిదు వేధశాలల్లో అది పెద్దది. 1734 నాటికి పూర్తయింది, 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అందులోని సామ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తున్న నీడ గడియారం. మెట్లున్న పెద్ద గోడ ఒకటి ఏటవాలుగా, భూమి అక్షానికి సమాంతరంగా లేచి ఉంటుంది. దాని నీడ పక్కనున్న పాలరాతి వంపు మీద పడుతుంది. పొద్దున పడమటి వంపు మీద, మధ్యాహ్నం దాటాక తూర్పు వంపు మీద. ఆ నీడ సెకనుకు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. ఒక్క నిమిషం అక్కడ నిలబడితే దాదాపు నాలుగు వేళ్ళ మేర కదిలిపోతుంది. భూమి తిరుగుతోందని ఆరో తరగతి నుంచి బోర్డు మీద బొమ్మ గీసి చెబుతూనే ఉంటాను. అక్కడ బొమ్మ అక్కర్లేదు, కళ్ళతో చూడొచ్చు.

మా పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె నీడ ఎక్కడుందో చూసి, ఫోనులో టైముతో పోల్చి, "సార్, ఇది అరగంట వెనక ఉంది. పాతది కదా, పాడైపోయినట్టుంది" అంది. ఇది చాలామందికి వచ్చే అనుమానమే. అది పాడవలేదు. ఫోను చూపించేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది టైము. ఆ రేఖ మన కాకినాడ దగ్గర నుంచి పోతుంది. జైపూర్ దానికి దాదాపు 6.7 డిగ్రీలు పడమరగా ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం 27 నిమిషాలు ఆలస్యం. పైగా భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం ఏడాదంతా ఒకేలా ఉండదు, భూమి అక్షం వంపు కూడా కలుస్తుంది, కాబట్టి రోజును బట్టి ఇంకో 16 నిమిషాల దాకా అటూ ఇటూ అవుతుంది. ఇదంతా నేల మీద కూర్చుని లెక్క కట్టి చూపించాక ఆ అమ్మాయి అడిగింది: "అయితే మనందరి ఫోన్లలో ఉన్నది కాకినాడ టైమా సార్?" ఆ ప్రశ్న కోసం ఎంత దూరమైనా రైల్లో వెళ్ళొచ్చు.

మేము లెక్క కడుతున్నంతసేపూ మా పక్కనుంచి జనం వెళ్తూనే ఉన్నారు. గోడ ముందు నిలబడి ఫోటో, తర్వాతి కట్టడం, మళ్ళీ ఫోటో. వాళ్ళను తప్పుపట్టను. ఆ నీడ కదులుతుందని వాళ్ళకెలా తెలుస్తుంది? పట్టికలు, బోర్డులు రాసిపెట్టినంత మాత్రాన ఇది అర్థమయ్యే విషయం కాదు. సూర్యుడు చుక్కలా కాక పళ్ళెంలా ఉంటాడు కాబట్టి నీడ అంచు మసకగా ఉంటుంది. ఆ మసకలో అసలు గీత ఎక్కడో పట్టుకోవడానికి సన్నటి దారమో పుల్లో అడ్డం పెట్టి చూసే ఒడుపు ఒకటుంది. అది మనిషి పక్కనుండి చూపించాలి. గంటకొకసారి ఒకరు వచ్చి, "ఇక్కడ నిలబడండి, ఒక్క నిమిషం ఈ గీతనే చూడండి" అంటే చాలు. ఢిల్లీ జంతర్ మంతర్‌కు ఆ అదృష్టం కూడా పూర్తిగా మిగల్లేదు. చుట్టూ ఎత్తయిన మేడలు లేచి యంత్రాలకు ఎండను, ఆకాశాన్ని అడ్డుకుంటున్నాయి. అందుకే ఎండ ఉన్నచోట దాన్ని కాపాడుకోవాలని అంటున్నాను. ఒక యంత్రం పని చేయాలంటే గోడలు నిలిచి ఉంటే సరిపోదు, దానికి ఎండ కూడా కావాలి. మీ సంరక్షణ లెక్కల్లో ఆ ఎండ కూడా ఉండాలి.

జనానికి అంత ఓపిక ఉండదని మీలో కొందరు అనవచ్చు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం దగ్గరికి ఒకసారి రండి. గంట కొట్టే టైము దగ్గర పడుతుంటే ఆ హాల్లో కుర్చీలు నిండిపోతాయి, వెనక నిలబడ్డవాళ్ళు మడమలెత్తి చూస్తుంటారు. చిన్న బొమ్మ మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. అంతే. ఆ కాసేపటి కోసం పిల్లలూ ముసలివాళ్ళూ నిశ్శబ్దంగా ఎదురు చూస్తారు. పన్నెండింటికైతే ఇంక చెప్పనే అక్కర్లేదు. ఆ మ్యూజియంలో అంతకంటే విలువైన వస్తువులు ఎన్నో ఉన్నాయి, ఇంటికెళ్ళాక జనం చెప్పుకునేది మాత్రం గడియారం గురించే. అది వాళ్ళ ముందు పని చేసింది మరి. గోల్కొండలోనూ అంతే. కింద ద్వారం కమాను కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. కుతుబ్‌షాహీల వంశవృక్షం ఎవరికీ గుర్తుండదు, చప్పట్లు మాత్రం ఎప్పటికీ గుర్తుంటాయి. ఆ చప్పట్లు కొట్టి చూపించే గైడ్లకు ఎవరూ అవార్డులివ్వలేదు కానీ, ధ్వని పాఠాన్ని నా కంటే వాళ్ళే బాగా చెబుతారు.

బీజాపూర్ గోల్ గుంబజ్ దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది. మహమ్మద్ ఆదిల్ షా సమాధి అది, 1656 నాటిది. మధ్యలో ఒక్క స్తంభం లేకుండా, బయటి కొలత 44 మీటర్ల వెడల్పున్న గుమ్మటాన్ని నాలుగు గోడల మీద, ఒకదాన్నొకటి ఖండించుకునే కమానుల మీద నిలబెట్టారు. పైన గుమ్మటం చుట్టూ తిరిగే వసారాలో గోడకు మొహం పెట్టి గుసగుసగా మాట్లాడితే, అవతలి వైపున ఉన్న మనిషికి పక్కనే ఉన్నట్టు వినపడుతుంది. ఒక్క చప్పుడు ఏడు సార్లకు పైగా మారుమోగుతుంది. అక్కడి అద్భుతమంతా నిశ్శబ్దంలో ఉంది. సెలవు రోజు వెళ్తే మాత్రం వందమంది ఒకేసారి కేకలు పెడుతుంటారు, ఎవరి గొంతు వాళ్ళకే వినపడదు. పిల్లలు చెవులు మూసుకుని దిగిపోతారు. కేక వేస్తే ఏం జరుగుతుందో అందరూ చూశారు, గుసగుసలాడితే ఏం జరుగుతుందో ఎవరూ చూడలేదు. దీనికి కోట్ల రూపాయల ప్రాజెక్టు అక్కర్లేదు. జనాన్ని చిన్న చిన్న బ్యాచ్‌లుగా పైకి పంపి, ప్రతి బ్యాచ్‌కూ మొదటి కొన్ని నిమిషాలు అందరూ నోరు మూసుకునే ఏర్పాటు చేయండి. ఒకరు ఒక వైపు, ఒకరు ఇంకో వైపు. ఒక అగ్గిపుల్ల గీసిన చప్పుడు చాలు.

దీపాల షోలు, లేజర్ షోల మీద పెడుతున్న శ్రద్ధ చూస్తే నాకు ఒక్క మాట అనాలనిపిస్తుంది. ఆ షో ఏ కోట గోడ మీద వేసినా ఒకేలా ఉంటుంది. ఆ గోడకు మాత్రమే చెప్పగల సంగతి ఒకటి ఉంటుంది కదా, దాన్ని వదిలేసి దాని మీద రంగులు వేయడం, వీణను గాజు పెట్టెలో పెట్టి లైట్లు వేసి కచేరీ అయిపోయిందనడమే. షోలు మానేయమని నేను అనడం లేదు. వాటి ఖర్చులో ఒక చిన్న వంతు, పగటిపూట ఆ చోటును పని చేయించి చూపే మనుషులకు ఇవ్వండి.

మెట్లబావుల గురించి కాస్త ఎక్కువ రాస్తాను. మీ జేబులోని ఊదా రంగు 100 రూపాయల నోటు తీసి వెనక్కి తిప్పండి. గుజరాత్ పాటన్‌లోని రాణీ కీ వావ్ కనిపిస్తుంది. పదకొండో శతాబ్దంలో రాణి ఉదయమతి కట్టించినట్టు చెప్పే ఈ బావి 64 మీటర్ల పొడవు, 27 మీటర్ల లోతు, ఏడు అంతస్తులు. సరస్వతీ నది వరదల్లో వచ్చిన ఒండ్రుతో పూడిపోయి శతాబ్దాల పాటు మట్టి కింద ఉండిపోయింది. పురావస్తు శాఖవాళ్ళు ఆ మట్టి తీసి బయటికి తెచ్చిన తీరు నిజంగా గొప్పది, ఆ శ్రమకు ఈ ఉత్తరంలో చేతులెత్తి నమస్కరిస్తున్నాను. రాజస్థాన్ ఆభానేరిలోని చాంద్ బావడిలో మూడు వైపులా దాదాపు 3,500 మెట్లు, 13 అంతస్తులు. పై నుంచి ఫోటో తీస్తే ముగ్గు గీసినట్టు ఉంటుంది, అందుకే జనం పై నుంచే ఫోటో తీసి వెళ్ళిపోతారు. ఆ మెట్లు ముగ్గు కోసం కట్టలేదు. వానాకాలంలో నీళ్ళు పైదాకా ఉంటాయి, ఎండాకాలం ముదిరేకొద్దీ కిందికి దిగుతాయి. ఏ నెలలో వచ్చినా, నీళ్ళు ఏ మట్టంలో ఉన్నా, ఆడవాళ్ళు బిందె ముంచుకోవడానికి కాలు పెట్టే చోటు దొరకాలి. ఆ మెట్లన్నీ అందుకే. ఇది తెలిశాక ఆ బావిని చూసే చూపే మారిపోతుంది.

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలియలేదు. ఒక చిన్న ఊళ్ళో, పేరు చెప్పను, అలాంటి బావి దగ్గర కాపలా మనిషి చెప్పాడు. కాంట్రాక్టు మీద పని చేస్తున్నాడు. గేటు తీయడం, వేయడం, ఎవరైనా గోడ మీద పేర్లు చెక్కుతుంటే ఈల వేయడం అతని డ్యూటీ. నేను మెట్ల గోడలో చిన్న గూళ్ళు చూసి ఇవేమిటని అడిగితే, చెప్పులు బయట విడిచి నన్ను కిందికి తీసుకెళ్ళాడు. ఇవి దీపాలు పెట్టే గూళ్ళు, తెల్లవారుజామున నీళ్ళకు వచ్చేవాళ్ళకు మెట్టు కనపడాలి కదా అన్నాడు. ఒక అంచు మీద చెయ్యి పెట్టి తడమమన్నాడు. తాళ్ళు రాసుకుని రాసుకుని రాయి వేలు పట్టేంత లోతు అరిగిపోయింది. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ అక్కడే నీళ్ళు తోడేదట. "ఇవన్నీ వచ్చినవాళ్ళకు చెప్తుంటారా?" అని అడిగాను. "అడిగితే చెప్తా సార్. చెప్పే పని నాకు ఇవ్వలేదు" అన్నాడు.

చెప్పే పని అతనికి ఇవ్వండి. నేను ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి సగం కారణం ఆ మనిషే. దేశంలో కేంద్ర రక్షణ కింద 3,600కు పైగా కట్టడాలు ఉన్నాయి. వాటిలో చాలా చోట్ల గైడ్లు ఉండరు, వచ్చే జనం తక్కువ కాబట్టి ఉండాలని అడగడం కూడా కుదరదు. కాపలా మనిషి మాత్రం ఉంటాడు. అతను చాలాసార్లు ఆ ఊరివాడే అయి ఉంటాడు. కొన్ని వారాల శిక్షణ, జీతానికి తోడు కొంత భత్యం, చొక్కా మీద "నన్ను అడగండి" అని రాసిన బ్యాడ్జి. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఇంతకంటే పెద్ద మార్పు ఏముంటుంది? ఇప్పుడు మేము గేటు దాటగానే మొదట కనిపించేది నీలం బోర్డు. ఈ కట్టడాన్ని పాడు చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అని ఉంటుంది. ఆ హెచ్చరిక అవసరమే. కానీ ఆ రాయి ఎందుకు విలువైందో కూడా అదే గుమ్మంలో ఎవరైనా చెబితే, చాలామంది చేతిలోని మేకును వాళ్ళే కింద పడేస్తారు.

మన సొంత ప్రాంతానికి వస్తాను. రామప్ప గుడి 1213 నాటిది. 2021లో ప్రపంచ వారసత్వ హోదా వచ్చాక జనం పెరిగారు, సంతోషం. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళ మీద తేలేంత తేలికైనవని ప్రతి ఒక్కరూ వింటారు, తలూపుతారు, చూసినవాళ్ళు మాత్రం ఎంతమంది? పాత ఇటుకను ముట్టుకోనక్కర్లేదు. అదే పద్ధతిలో కొత్తగా చేయించిన ఇటుక ఒకటి, నీళ్ళ తొట్టి ఒకటి, పక్కన మామూలు ఇటుక ఒకటి పెట్టండి. పిల్లలే వేసి చూసుకుంటారు. లేపాక్షిలో అందరూ వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి అవతలికి లాగుతారు. అది ఒక రకంగా మంచిదే, చేత్తో చేసి చూస్తున్నారు. కానీ అలా వంగి నేలను చూస్తున్నవాళ్ళ తలల మీద విజయనగర కాలపు వర్ణచిత్రాలు పైకప్పు నిండా ఉన్నాయి. "తువ్వాలు అయ్యాక ఒకసారి పైకి చూడండి" అని ఒక్క మాట చెప్పేవాళ్ళుంటే ఆ గుడి రెండింతలవుతుంది.

నాగార్జునకొండ గురించి రాయకుండా ఉండలేను. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ అది. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగింది. నీళ్ళు వచ్చేలోగా లోయంతా తవ్వి చూడాలి. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. స్తూపాలు, విహారాలు, స్నానఘట్టం ఊడదీసి, కొన్నింటిని కొండ మీద మళ్ళీ పేర్చారు, కొన్నింటిని ఒడ్డున అనుపు దగ్గరికి చేర్చారు. మెట్లు మెట్లుగా కూర్చునే రంగస్థలం కూడా అనుపులో ఉంది. ఇప్పుడు మనం ద్వీపమంటున్నది ఆ రోజుల్లో కొండ శిఖరం. లాంచీ ఎక్కి వెళ్తున్నప్పుడు మన కింద ఆ లోయ ఉంది, వీధులు ఉన్న చోటు ఉంది. లాంచీలో ఆ ప్రయాణమంతా మా చేతుల్లో ఖాళీ సమయమే. ఆ సమయంలో పాటలు పెట్టకుండా, మైకులో ఒక గొంతు "ఇప్పుడు మనం ఫలానా విహారం ఉన్న చోటు మీదుగా వెళ్తున్నాం" అని చెబితే, ద్వీపంలో దిగేసరికి ప్రతి రాయీ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మునిగిపోయేదాన్ని కాపాడుకోవడానికి ఇంజనీర్లు, పురావస్తు శాఖవాళ్ళు, కూలీలు నీళ్ళతో పోటీపడి చేసిన ఆ పని, నా దృష్టిలో ఆ రాళ్ళంత గొప్ప చరిత్ర. దాన్నే మేము చూడలేకపోతున్నాం.

నీలగిరి కొండ రైలు విషయంలో మీకు పని ఇంకా తేలిక, అది రోజూ నడుస్తూనే ఉంది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్యలో పళ్ళున్న ఉక్కు పట్టీ ఉంటుంది. ఇంజను కింది పళ్ళ చక్రం దాన్ని పట్టుకుని, 12 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కుతుంది. ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి నెడుతుంది. నీళ్ళ కోసం రైలు ఆగినప్పుడు పెట్టెల్లోంచి అందరూ దిగుతారు. ఆ కాసేపట్లో ఎవరైనా ఆ పట్టీని వేలెత్తి చూపించాలి, అంతే.

మేఘాలయ వేర్ల వంతెనల దగ్గర మాత్రం నా ఈ సూత్రం ఇంత సులువుగా కుదరదు. అక్కడ పని జరిగేది ఏళ్ళ తరబడి. ఖాసీ, జైంతియా ప్రజలు ఫైకస్ ఎలాస్టికా అనే మర్రి జాతి చెట్టు ఊడలను పోక చెట్ల బోదెల గుండా వాగు అవతలికి మళ్ళిస్తారు. మనుషులు నడవగలిగేంత బలం రావడానికి 15 నుంచి 30 ఏళ్ళు పడుతుంది. మామూలు వంతెన కట్టిన రోజు నుంచి పాడవడం మొదలవుతుంది, ఇది ఏటేటా గట్టిపడుతుంది. తాత మొదలుపెట్టిన వంతెన మీద మనవడు నడుస్తాడు. నోంగ్రియాట్ రెండంతస్తుల వంతెన చూడటానికి 3 వేలకు పైగా మెట్లు దిగి వెళ్ళి, జనమంతా ఒకేసారి దాని మీదికెక్కి ఫోటో దిగుతారు. అది చెట్టు అన్న సంగతి ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు. పూర్తయిన వంతెనతో పాటు, ఇప్పుడే మొదలైన వంతెన దగ్గరికి కూడా మమ్మల్ని తీసుకెళ్ళండి. బొటనవేలంత ఊడ బోదెలోంచి బయటికొచ్చి గాలిలో ఊగుతున్న చోటు అది. దాన్ని చూశాక ఎవరూ ఆ వేర్ల మీద గెంతరు. ఎంతమంది ఎక్కాలో ఆ ఊరివాళ్ళే నిర్ణయించాలి, టికెట్ డబ్బు వాళ్ళకే చేరాలి. అక్కడ అసలు ఇంజనీర్లు వాళ్ళే.

మరికొన్ని చోట్ల చూడటానికి ఏమీ ఉండదు, జరిగింది మాత్రం చాలా పెద్దది. ఇవే నాకు అన్నిటికంటే ఇష్టమైనవి, మీ బ్రోషర్లలో అన్నిటికంటే తక్కువ కనిపించేవి కూడా ఇవే. కేరళలో తుంబ అనే జాలరుల ఊరు. అయస్కాంత భూమధ్యరేఖ, అంటే అయస్కాంత సూది పైకీ కిందికీ వంగకుండా అడ్డంగా నిలిచే చోట్లను కలిపే రేఖ, దానికి దగ్గరగా పోతుంది, పై వాతావరణాన్ని పరిశోధించడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. అక్కడి సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చిని, బిషప్ ఇంటిని ఊరివాళ్ళు శాస్త్రవేత్తలకు అప్పగించారు. చర్చి వర్క్‌షాపు అయింది, బిషప్ ఇల్లు ఆఫీసు అయింది. రాకెట్ భాగాలను సైకిల్ మీద తీసుకెళ్ళారు. 1963 నవంబర్ 21న అక్కడి నుంచి మొదటి రాకెట్ లేచింది. ఆ చర్చి ఇప్పుడు అంతరిక్ష మ్యూజియం. సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. బేగంపేటలో ఆయన పేరుతో ఉన్న పాత భవనం ముందునుంచి రోజూ వేలమంది వెళ్తుంటారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణంలో చేసిన పరిశీలనలు, అదే ఏడాది ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రవేత్త చేసినవి కలిసి హీలియం ఆవిష్కరణకు దారితీశాయి. పదో తరగతి పిల్లలకు హీలియం పరమాణు సంఖ్య తెలుసు. దాని కథలో గుంటూరు ఉందని చెబితే బెంచీల మీదనుంచి లేచి నిలబడతారు. ఇలాంటి చోట ఒక సూక్ష్మదర్శిని, ఒక స్లైడు, లేదా కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని ఒకటి పెట్టి, ఆ మనిషి ఆ రోజు చూసిందేమిటో మమ్మల్నీ చూడనివ్వండి.

చెప్పేవాళ్ళు లేనిచోట కథలు పుట్టుకొస్తాయి. రాజస్థాన్‌లో భాన్‌గఢ్ కోట దగ్గర చీకటి పడ్డాక ప్రవేశం లేదని బోర్డు ఉంది. దాన్ని చూపించి దేశమంతా దయ్యాల కథలు తిప్పుతున్నారు. పురావస్తు శాఖ కింద ఉన్న చాలా కట్టడాలకు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే అనుమతి అని ఎవరూ చెప్పరు. ఆ కోటలోని బజారు వీధి, గుళ్ళు, ఊరు ఖాళీ అయిన చరిత్ర, అన్నీ దయ్యం వెనక దాక్కుండిపోయాయి.

భాష గురించి ఒక్క మాట. మా బళ్ళో పిల్లలకు హిందీ అంతంతమాత్రం, ఇంగ్లీషు భయం. జైపూర్‌కు తమిళ పిల్లలు వస్తారు, హంపీకి ఒడియా పిల్లలు వస్తారు. అన్ని భాషల బోర్డులు నాటితే కట్టడమే కనపడదు. ఫోనులో వినే ఆడియో ఒకటి అన్ని భాషల్లో పెట్టండి. అందులో రాజుల పేర్లు, కొలతలు తర్వాత చెప్పొచ్చు. ముందు "ఎక్కడ నిలబడాలి, ఏం చేయాలి, ఏం కనిపిస్తుంది" అన్నది చెప్పాలి. ఫోను లేనివాళ్ళకు కాపలా మనిషి ఉండనే ఉన్నాడు.

ఇవన్నీ ఫైళ్ళలో పడితే ఏమవుతుందోనన్న టెన్షన్ నాకు లేకపోలేదు. కానీ చండీగఢ్‌లో జరిగింది తలచుకుంటే ధైర్యం వస్తుంది. నేక్‌చంద్ అనే రోడ్ల ఇన్‌స్పెక్టర్ 1957 నుంచి, కట్టడాలు నిషేధించిన ప్రభుత్వ స్థలంలో, ఎవరికీ తెలియకుండా, విరిగిన గాజులు, పింగాణీ ముక్కలు, పడేసిన చెత్తతో బొమ్మల లోకం కట్టుకున్నాడు. 1970ల్లో అధికారుల కంట పడింది. రూల్ ప్రకారం కూలగొట్టాల్సిందే. వాళ్ళు కూలగొట్టలేదు. జీతమిచ్చి, పనివాళ్ళనిచ్చి, కట్టుకోమన్నారు. 1976లో జనానికి తెరిచారు. ఆ రోజు ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఎదురుగా ఉన్నది ఏమిటో ఒక్కసారి సరిగ్గా చూశారు. ఆ కుర్చీల్లో ఇప్పుడు మీరున్నారు.

మా వైపు నుంచి మేము చేయగలిగింది చేస్తాం. నాకు తెలిసిన సైన్స్ టీచర్లు, తెలుగు టీచర్లు కొందరు ముందుకొచ్చారు. రామప్ప, లేపాక్షి, నాగార్జునకొండ, గోల్కొండ, ఈ నాలుగు చోట్లకూ పిల్లలకు అర్థమయ్యే తెలుగులో ఆడియో పాఠం రాసి, చదివి, మీకు ఉచితంగా ఇస్తాం. రాసింది మీ నిపుణులు సరిచూస్తే చాలు. కాపలా సిబ్బందికి శిక్షణ పెడితే ఆదివారాలు మేమే వచ్చి నీడ గడియారం, గుమ్మటం, తేలే ఇటుక వెనకున్న సైన్స్ చెబుతాం. ముందుగా ఏదో ఒక్క చోటు ఎంచుకుని, దసరా సెలవుల్లోపు మొదలుపెట్టండి. ఏ చోటో మీరే చెప్పండి, ఆ పాఠం రాయడం మేము వెంటనే మొదలుపెడతాం.

ఇట్లు,
ఒక ఫిజికల్ సైన్స్ టీచరు